వాలు మీద బొగ్గు

అడవి నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం వేయడం తప్పని తూర్పు కనుమల గిరిజనులకు 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చిన నాటి నుంచి చెబుతూనే ఉన్నారు. రిజర్వు హద్దురాయి పాతిన చోటల్లా పోడు ఆగిపోవాలన్నారు. అది ఆగలేదు సరికదా, 1922–24లో గూడెం, రంప కొండల్లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ల కోపంలో పోడు మీద పెట్టిన ఆంక్షలకూ వాటా ఉంది. అది జరిగి నూరేళ్లు దాటాక, 2025 జనవరిలో, వరాహ అనే భారతీయ కంపెనీ నుంచి లక్ష టన్నుల కర్బన క్రెడిట్లు కొంటున్నట్టు గూగుల్ ప్రకటించింది. ఆ క్రెడిట్లు పుట్టేది కట్టెను, పంట వ్యర్థాలను గాలి చాలకుండా కాల్చి, వచ్చిన బొగ్గును పొలాల్లో కలపడం వల్ల. గుజరాత్‌లో సర్కారు తుమ్మతోనే వరాహ ఈ పని చేస్తోంది. కాలిన కట్టె మీద ఒకప్పుడు జరిమానా, ఇప్పుడు రాబడి!

చట్టం, మార్కెట్ చెప్పే మాటలు పక్కన పెడితే రైతుకు కావలసింది ఒక్కటే. కాలిన కట్టె నేలలో కలిస్తే పంట పెరుగుతుందా? దీని మీద ఇరవై పాతికేళ్లుగా ప్రపంచమంతటా వేల సంఖ్యలో పరిశోధన పత్రాలు వచ్చాయి. అరకు, పాడేరు, చింతపల్లి కొండలను మనసులో పెట్టుకుని వాటిని చదివితే నాకు తోచింది ఇదీ: ఇక్కడి పుల్లనేలల్లో బొగ్గు పనిచేస్తుంది. కానీ ఒంటరిగా పనిచేయదు. టన్నుల కొద్దీ పోయనక్కర్లేదు. వాలు మీద మట్టి నిలవకపోతే అసలు పనే చేయదు.

ముందు బూడిదనూ బొగ్గునూ విడదీయాలి. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల పోడును పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఇద్దరూ తప్పటడుగు వేస్తున్నారు. కట్టె పూర్తిగా కాలితే కర్బనం గాలిలో కలిసిపోయి, ఖనిజాలు బూడిదగా మిగులుతాయి: సున్నం, పొటాష్, మెగ్నీషియం, కొద్దిగా భాస్వరం. నత్రజని దాదాపు అంతా పొగతో పోతుంది. గాలి చాలక సగంలో ఆగితే, అంటే 350 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉడికినట్టు కాలితే, కర్బనంలో సుమారు సగం నల్లగా గట్టిపడి మిగిలిపోతుంది. అదే బొగ్గు. పొలం కోసం చేసినప్పుడు దాన్ని బయోచార్ అంటున్నారు. బూడిద బలం ఒకటి రెండు వానాకాలాలకే సరి. బొగ్గు సంగతి వేరు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన కొలతలను క్రోడీకరించి 2016లో వాంగ్, కుజ్యాకోవ్ బృందం వేసిన లెక్క ప్రకారం బొగ్గులోని కర్బనంలో మూడు శాతం కొన్ని నెలల్లో కుళ్లిపోతుంది. మిగతా 97 శాతం నేలలో సగటున 550 ఏళ్లకు పైగా ఉంటుంది. కార్బన్ మార్కెట్ కన్ను పడింది ఈ అంకె మీదే.

పోడులో రైతుకు అక్కరకొచ్చేది మాత్రం బూడిదే. శీతాకాలం చివర చెట్టూ పొదా నరికి ఎండబెట్టి, వానలకు ముందు నిప్పు పెట్టి, తొలకరికి సామలు, చోళ్లు, కొర్రలు, కందులు కలిపి చల్లే పద్ధతిలో మొదటి ఏడు పంట బాగా వస్తుంది. ఎందుకొస్తుందో 1960లో పి.హెచ్. నై, డి.జె. గ్రీన్‌లాండ్ రాసిన పుస్తకం విడమరిచి చెప్పింది. బూడిద నేల పులుపును విరుస్తుంది, పొటాష్‌నూ సున్నాన్నీ ఒక్కసారిగా అందిస్తుంది, వేడికి చచ్చిన సూక్ష్మజీవుల నుంచి నత్రజని విడుదలవుతుంది, కలుపు విత్తనాలు మాడిపోతాయి. రెండో ఏడాదికి ఇందులో చాలా భాగం వానతో పోతుంది. మూడో ఏడాదికి కలుపు గెలుస్తుంది. అప్పుడా సాగుచెక్కను వదిలేసి, చెట్లు మళ్లీ లోతు నుంచి ఖనిజాలు పైకి తెచ్చేదాకా ఆగాలి. పోడులో ఎరువుల బ్యాంకు అడవే. బీడు కాలం దాని గడువు.

ఆ గడువు తగ్గిపోవడమే ఇబ్బంది. మేఘాలయలో పోడు లాంటి ఝూమ్ సాగు మీద పి.ఎస్. రామకృష్ణన్ చేసిన పరిశోధనలు 30 ఏళ్లు, 10 ఏళ్లు, 5 ఏళ్ల చక్రాలను పోల్చి, పదేళ్ల కన్నా తగ్గితే నేల కోలుకోదని చూపాయి. తూర్పు కనుమల్లో జనాభా, రిజర్వు హద్దులు, జలాశయాలు, తోటలు కలిసి ఇదే పని చేశాయి. 1940లలో మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ చూసిన కొండరెడ్ల పోడుకూ, ఇప్పుడు మూడు నాలుగేళ్లకే మళ్లీ నిప్పు పడే చెక్కకూ పేరొక్కటే ఉమ్మడి.

మరి పోడులో బొగ్గు మిగలదా? మిగులుతుంది, కానీ బహు కొద్దిగా. అమెజాన్ అడవుల్లో నరికి కాల్చిన చోట్ల తూచి చూస్తే కట్టెలోని కర్బనంలో నూటికి రెండు మూడు వంతులే బొగ్గుగా తేలింది. బయలు మంట బొగ్గును చేయదు, తినేస్తుంది. అందుచేత ‘మన గిరిజనులు వేల ఏళ్లుగా బయోచార్ చేస్తూనే ఉన్నారు’ అని ఈ మధ్య సభల్లో వినిపిస్తున్న మాట నాకు రుచించదు. పొగడ్త మంచిదే, లెక్క కుదరాలి కదా. వాళ్ల జ్ఞానం గొప్పది. అయితే అది బొగ్గు జ్ఞానం కాదు. ఏ వాలున ఏ గింజ, ఎన్నేళ్ల బీడు, ఏ చెట్టును నరక్కుండా వదలాలి అన్నది ఆ జ్ఞానం.

బయోచార్ ఆలోచనకు పుట్టినిల్లుగా చెప్పే అమెజాన్ నల్లనేలల కథ కూడా ఇక్కడ తప్పుగానే అప్పు తెచ్చుకుంటున్నారు. అక్కడ పసుపుపచ్చటి, నిస్సారమైన నేలల మధ్య ఐదారు వందల నుంచి రెండు వేల ఏళ్లకు పైబడిన నల్లటి మట్టి మడులు ఉన్నాయి. 1870లలోనే యాత్రికులు వాటి గురించి రాశారు. 1966లో డచ్చి శాస్త్రవేత్త విమ్ సోమ్‌బ్రూక్ వాటిని శాస్త్ర లోకం దృష్టికి బలంగా తెచ్చాడు. ఆ మట్టిలో బొగ్గు మాత్రమే లేదు. కుండపెంకులు, చేపముళ్లు, ఎముకలు, మలం, వంటింటి చెత్త అన్నీ ఉన్నాయి. భాస్వరం ముళ్ల నుంచి వచ్చింది. అంటే అది సాగుచెక్క కాదు, ఊరి పెంటదిబ్బ. పశ్చిమాఫ్రికాలో లైబీరియా, ఘనా ఊళ్ల చుట్టూ ఇప్పటికీ ఇలాంటి నల్లనేల తయారవుతోందని 2016లో డావిట్ సోలమన్ బృందం చూపింది. అక్కడా పొయ్యి బొగ్గు, పామాయిల్ తీసిన చెత్త, ఇంటి ఊడ్పులు కలిసే ఆ మట్టి పుట్టింది. మన కొండల్లో దీనికి జోడు వెతకాలంటే పోడు చెక్కలో కాదు, ఇంటి వెనుక పెరట్లో వెతకాలి. పొయ్యిలో మిగిలిన బొగ్గు, బూడిద, గొడ్ల పెంట కలిసి పడే ఆ జానెడు చోట మొక్కజొన్న, చిక్కుడు, పసుపు ఏపుగా ఎదుగుతాయి. శాస్త్రవేత్తలెవరూ ఆ పెరళ్ల మట్టిని వరసగా తవ్వి చూడకపోవడం వింతే.

తెలుగు నేల మీద నిప్పుకూ పెంటకూ ఉన్న చుట్టరికం ఇంకా పాతది. గద్వాల వైపు ఉట్నూరులో 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్విన బూదిదిబ్బ కొత్త రాతియుగపు పశువుల దొడ్డి. ఏళ్ల తరబడి పోగుపడ్డ పేడను మళ్లీ మళ్లీ కాల్చగా మిగిలిన గుట్ట అది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. పొలాలకు మంచిదని రైతులు వాటిని తవ్వి తోలుకుపోవడం వల్ల పురావస్తు శాఖ వాళ్లకు తలనొప్పి. అయితే అదీ బూడిదే తప్ప బొగ్గు కాదు. ఇక ముందుకు పోదాం.

నేరుగా బొగ్గు వేసి కొలిచిన ప్రయోగాల్లో రెండు మన కొండలకు దగ్గరవి. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర క్రిస్టోఫ్ స్టైనర్ బృందం బాగా అరిగిపోయిన నేలలో ఎకరాకు సుమారు నాలుగున్నర టన్నుల బొగ్గు వేసింది. నాలుగు పంటల తర్వాత, 2007లో ప్రచురించిన ఫలితం ఇది: రసాయన ఎరువుతో కలిపి బొగ్గు వేసిన మడిలో గింజ దిగుబడి, ఎరువు మాత్రమే వేసిన మడికి దాదాపు రెట్టింపు. ఒట్టి బొగ్గు వేసిన మడిలో మాత్రం రెండో పంట తర్వాత చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఈ రెండో వాక్యాన్ని బయోచార్ ప్రచారకులు తరచూ మరిచిపోతుంటారు. పోషకం లేని నేలలో బొగ్గు ఒక్కటీ బూడిదలో పోసిన పన్నీరే.

రెండోది కొలంబియా మైదానాల్లో జూలీ మేజర్ బృందం చేసినది, 2010లో వచ్చింది. ఎకరాకు ఎనిమిది టన్నుల లెక్కన ఒకేసారి బొగ్గు కలిపి, మొక్కజొన్న, సోయా మార్చి మార్చి వేశారు. మొదటి ఏడాది తేడా లేదు. రెండో ఏడాది మొక్కజొన్న 28 శాతం, మూడో ఏడాది 30 శాతం, నాలుగో ఏడాది 140 శాతం ఎక్కువ. నాలుగో ఏడాది అంకె చూసి గంతులేయకూడదు. ఆ ఏడు అన్ని మడుల్లోనూ దిగుబడి పడిపోయింది, బొగ్గు మడిలో తక్కువగా పడింది. సున్నం, మెగ్నీషియం నేలలోంచి జారిపోతుంటే బొగ్గు కొంత ఆపింది. నా దృష్టిలో ఈ ప్రయోగం చెప్పే అసలు సంగతి అదే. బొగ్గు పంటను పెంచేది కాదు, పడిపోకుండా పట్టేది.

బొగ్గు ఎలా పడుతుందో ఇప్పుడు బాగానే తెలుసు. కట్టెలోని నాళాలు కాలిన తర్వాత కూడా అలాగే బోలుగా ఉంటాయి. గ్రాము బొగ్గు లోపలి గోడలన్నీ పరిస్తే వందల చదరపు మీటర్లు వస్తుంది. ఇసుక పాలు ఎక్కువైన నేలలో ఆ బోలులో నీరు నిలుస్తుంది, బంకమట్టిలో ఆ లాభం అంతగా లేదు. కొత్త బొగ్గు పైపొర పోషకాలను పెద్దగా పట్టదు. నేలలో ఏళ్లు గడిచేకొద్దీ గాలి, సూక్ష్మజీవులు ఆ పైపొరను మార్చి, సున్నం, పొటాష్, అమ్మోనియాలను అంటిపెట్టుకునే గుణం తెస్తాయి. మొదటి ఏడాది ఏమీ కనిపించక తర్వాత కనిపించడానికి ఇదో కారణం. బొగ్గుతో పాటు వచ్చే బూడిద నేల పులుపును విరుస్తుంది. వేరు శిలీంధ్రాలు ఆ రంధ్రాల్లో చేరి భాస్వరాన్ని అందిస్తాయని జపాన్‌లో ఒగావా మకోటో ఎన్నో ఏళ్లు చూపాడు, ఇతర చోట్ల ఆ ఫలితం ఒకసారి వచ్చి ఒకసారి రాలేదు.

ఇప్పుడు అరకు నేల. ఇక్కడి కొండలు ఖొండలైట్, చార్నొకైట్ శిలలవి. లక్షల ఏళ్ల వానలు ఆ రాళ్లలోంచి సున్నాన్నీ పొటాష్‌నూ కడిగేసి ఇనుమునూ అల్యూమినియాన్నీ మిగిల్చాయి. ఆ కడుగుడు చివరిదాకా వెళ్లిన చోట కొండ నెత్తిన బాక్సైట్ తయారైంది: గాలికొండ, రక్తకొండ, సప్పర్ల, జెర్రెల. గనుల కోసం ఇన్నేళ్లు గొడవ పడిన ఆ ఖనిజమూ, కింద వాలులో పైరు పెరగకపోవడానికి కారణమూ ఒకే ప్రక్రియకు రెండు కొసలు. ఉదజని సూచిక ఐదున్నర కన్నా దిగువకు పడితే అల్యూమినియం కరిగి వేళ్ల కొసలను కాలుస్తుంది. వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుని మొక్కకు అందనివ్వవు. సున్నం వేస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోతుంది. బొర్రా గుహల్లో కొండంత సున్నపురాయి పర్యాటకుల కోసం మెరుస్తోంది కూడా. కానీ వ్యవసాయ సున్నం మైదానం నుంచి లారీ ఎక్కి, ఘాట్ రోడ్డు దాటి, అక్కడి నుంచి తల మీద గూడేనికి చేరేసరికి రవాణా ఖర్చు దాని ధరను దాటిపోతుంది. బొగ్గు, బూడిద ఉన్నచోటే దొరుకుతాయి.

ఈ మాటకు ప్రపంచ లెక్క కూడా తోడొస్తోంది. సైమన్ జెఫ్రీ బృందం 2017లో వందకు పైగా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఉష్ణమండలంలో సగటున 25 శాతం దిగుబడి పెరిగింది, సమశీతోష్ణ దేశాల్లో ఏమీ పెరగలేదు. వాళ్లే చెప్పిన కారణం సూటిగా ఉంది: ఉష్ణమండలపు పుల్లని, బలహీన నేలల్లో బొగ్గు సున్నంలాగా, ఎరువులాగా పనిచేసింది. యూరప్ నేలకు ఆ రెండూ ముందే అందుతున్నాయి. ఇదే న్యాయం మన రాష్ట్రాల్లోనే రెండు ముక్కలుగా వర్తిస్తుంది. అరకులో మేలు చేసే తొమ్మిది, పది ఉదజని సూచిక ఉన్న బొగ్గును తీసుకెళ్లి రాయలసీమ చౌడు మీదో, తెలంగాణ సున్నపు నల్లరేగడి మీదో పోస్తే జింకు, ఇనుము లోపాలు ముదరవచ్చు. రాష్ట్రమంతటికీ ఒకే పథకం అని ఎవరైనా ప్రకటిస్తే అనుమానించాల్సిందే.

ఈ సగటుల మీద నాకో పేచీ ఉంది. ఈ ప్రయోగాల్లో ఎక్కువ భాగం కుండీల్లో, ఒకటి రెండు పంటల పాటు జరిగినవి. బొగ్గు వేసిన మడిని ఏమీ వేయని మడితో పోలుస్తారు. పులుపు విరవడమే దాని గుణమైతే అంతే పులుపు విరిచే సున్నంతోనో, ఒట్టి బూడిదతోనో పోల్చాలి కదా! అలా పోల్చిన చోట తేడా చాలా తగ్గుతుంది. సున్నం కన్నా బొగ్గు ఎందులో మేలో తెలియాలంటే మూడు నాలుగేళ్లు ఆగి, నిలిచే గుణాన్ని కొలవాలి. పరిశోధన ప్రాజెక్టుల కాలం మామూలుగా అంతకన్నా తక్కువ.

నిలవడం అన్నాం. అసలు చిక్కు ఇక్కడే. బొగ్గు తేలిక, నీళ్లలో తేలుతుంది. ఉత్తర లావోస్‌లో నరికి కాల్చే సాగు ఉన్న నిట్ట వాలుల మీద కార్నెలియా రుంపెల్ బృందం 2006లో చూపింది ఇదే: వానకు కొట్టుకుపోయే మట్టిలో మిగతా సేంద్రియ పదార్థం కన్నా బొగ్గే ఎక్కువ పాలు పోతోంది. లావోస్ కొండల వాన, వాలు, వరి సాగు మనకు అమెజాన్ కన్నా ఎంతో దగ్గర. అరకు నుంచి కోరాపుట్ దాకా ఒకే కొండ వరస. ఆ కోరాపుట్‌లో సునాబెడా దగ్గర భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి నేల, నీటి సంరక్షణ కేంద్రం పోడు వాలుల కోతనే దశాబ్దాలుగా తన పనిగా పెట్టుకుంది. దున్నిన వాలు మీద బొగ్గు చల్లితే అది మొదటి పెద్ద వానకే కింది గెడ్డలో ఉంటుంది. కర్బన క్రెడిట్ కొన్న కంపెనీ లెక్కలో ఐదు వందల ఏళ్లు నేలలోనే ఉన్నట్టు.

శ్రీకాకుళం, గజపతి కొండల సవరలు ఈ సమస్యను బొగ్గుతో కాదు, రాతితో పరిష్కరించారు. వాలును మెట్లుగా కోసి, రాతి గోడ కట్టి, ఊటనీళ్లు మళ్లించి వరి పండించే ఆ మడులను వెరియర్ ఎల్విన్ వంటి వాళ్లు మెచ్చుకుని రాశారు. ఏ బొగ్గయినా అలాంటి కట్ట వెనక పడితేనే విలువ. కాంటూరు రాతికట్ట, గడ్డి వరస, అరకు వైపు గరువు (బయలు మెట్ట) భూములకు అడ్డంగా వేసే గట్టు: ముందు ఇవి, తర్వాతే బయోచార్. ఈ వరసను తిప్పి చెప్పే పథకం ఏదైనా డబ్బు దండగే.

ఇంక ఎంత వేయాలన్నది తేలాలి. ప్రయోగాల్లో మామూలుగా వాడే మోతాదు ఎకరాకు నాలుగు టన్నులు. ఎండు కట్టె నాలుగు పాళ్లు కాలిస్తే బొగ్గు ఒక పాలు వస్తుంది. అంటే ఎకరాకు పదహారు టన్నుల ఎండుకట్టె. ఒక గూడెంలో నలభై ఎకరాల గరువుకు 640 టన్నులు కావాలి. అది అడవి నుంచి తప్ప మరెక్కడి నుంచీ రాదు. నేలను బాగుచేస్తామని కొండను బోడి చేసే ఈ లెక్క చూశాక పెద్ద మోతాదు ప్రతిపాదనలన్నీ ఇక్కడికి పనికిరావని నా నిర్ణయం. మైదానంలో సంగతి వేరు. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రిడా, పత్తి, కంది, ఆముదం, మొక్కజొన్న కట్టెను పాత 200 లీటర్ల నూనె డ్రమ్ములో కాల్చి బొగ్గు చేసే చవక బట్టీని రూపొందించింది. ఊరికే పొలంలో తగలబెట్టే పత్తికట్టె అక్కడ గుట్టలుగా ఉంటుంది. తెలంగాణ ఊళ్లలో డాక్టర్ ఎన్. సాయిభాస్కర్ రెడ్డి పొగ తక్కువ పొయ్యి, దాంట్లో మిగిలిన బొగ్గు, దాన్ని పెంటతో కలపడం అనే మూడింటినీ ఒక ముడి వేసి చాలా ఏళ్లు ప్రచారం చేశారు. కొండ మీద పత్తికట్టె లేదు. ఉన్నవి కాఫీ కత్తిరింపు కొమ్మలు, సిల్వర్ ఓక్ కొమ్మలు, కంది మోళ్లు, వెదురు ముక్కలు, అన్నిటికన్నా మించి లాంటానా. ఈ అమెరికా పొద మన అడవి అడుగును ఎంత ఆక్రమించిందో పశువులు కాచేవాళ్లను అడిగితే చెబుతారు. దాన్ని నరికి కాలిస్తే ఎవరికీ నష్టం లేదు.

ఈ కొద్ది కట్టె చాలే దారి నేపాల్ కొండల్లో కనిపించింది. హాన్స్-పీటర్ ష్మిట్ బృందం అక్కడ అడవిలో పెరిగిపోయిన యూపటోరియం అనే కలుపు పొదను కాల్చి, ఆ బొగ్గును ఆవు మూత్రంలో నానబెట్టి, గుమ్మడి పాదుల్లో వేరు దగ్గర మాత్రమే వేసింది. మోతాదు ఎకరాకు 300 కిలోలు. 2015లో వెలువడిన ఫలితం ప్రకారం, మూత్రం మాత్రమే పోసిన పాదు కన్నా మూత్రంలో నానిన బొగ్గు వేసిన పాదు నాలుగు రెట్లు కాసింది. బొగ్గు మాత్రమే వేసిన పాదు కన్నా 85 శాతం ఎక్కువ కాసింది. ఒక చోట ఒక పంట మీద వచ్చిన నాలుగు రెట్లను నేను వేదవాక్యంగా తీసుకోను. అందులోని తర్కం మాత్రం గట్టిది. ఆవు మూత్రంలోని నత్రజని ఎండకు అమ్మోనియాగా ఎగిరిపోతుంది, వానకు జారిపోతుంది. బొగ్గు రంధ్రాల్లో ఇంకితే రెండూ తగ్గుతాయి, వేరు అక్కడికే వస్తుంది. పైగా 300 కిలోల బొగ్గుకు టన్నున్నర లోపు కంప చాలు. ఒక కుటుంబం కొన్ని రోజుల్లో కొట్టి తేగలదు.

ఈ పద్ధతి మన కొండలకు అతికినట్టు సరిపోవడానికి మరో కారణం ఉంది. రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం పాడేరు ఏజెన్సీలో బాగా పాకింది. జీవామృతం, ఘనజీవామృతం గూడేల్లో కొత్త మాటలు కావు. ఆవు మూత్రం పట్టే తొట్టెలు చాలాచోట్ల ఉన్నాయి. ఘనజీవామృతం ఉండలు చేసేటప్పుడు పొడిగొట్టిన బొగ్గు కలపడం, గత్తం (పశువుల ఎరువు) పోగులో పొరల మధ్య బొగ్గు చల్లి నాలుగైదు నెలలు మాగనివ్వడం వాళ్లకు కొత్త పని కాదు, ఉన్న పనిలో ఒక గుప్పెడు చేర్పు. పచ్చి బొగ్గును నేరుగా చల్లితే మొదట్లో అదే నేలలోని నత్రజనిని కొంత పట్టేసి పైరు పాలిపోయేలా చేయొచ్చు. మాగిన బొగ్గుతో ఆ భయం లేదు.

ఎక్కడ వేయాలన్నదాని మీదా నా అభిప్రాయం చెబుతాను. అరకు అనగానే అందరికీ కాఫీ గుర్తొస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో దుకాణం ఉంది, కాబట్టి బయోచార్ కూడా ముందు కాఫీకే అంటారు. నాకు మాత్రం కాఫీ చివరిది. నీడచెట్ల కింద ఏటా రాలే ఆకు నేలను కప్పి ఉంచుతుంది, ఈ కొండల్లో ఎంతో కొంత సేంద్రియ కర్బనం నిలిచి ఉన్న నేలలు అవే. ఆకలిగొన్నవి గరువులు: ఏటా దున్ని, ఏటా కోతకు గురై, చోళ్లు, రాజ్మా, వలిసెలు పండించే బయలు మెట్ట. అక్కడ కూడా చేనంతా చల్లకుండా, అల్లం, పసుపు బోదెల్లోనో, కాఫీ, మిరియాల నారు సంచుల్లోనో, కూరగాయ పాదుల్లోనో వేయాలి. వేరున్న చోట పిడికెడు పడాలి గానీ చేనంతా దుమ్ము లేపకూడదు.

చేసే విధానంలో రెండు జాగ్రత్తలు. ఒకటి కాలం. పోడు మంటల అలవాటున ఏప్రిల్‌లో కాలిస్తే నిప్పు అడవికి ఎగబాకుతుంది, ఆర్పడానికి నీళ్లూ ఉండవు. కాఫీ కోత ముగిసి కత్తిరింపు సాగే జనవరి, ఫిబ్రవరి దీనికి అనువు. అప్పుడు కట్టె ఉంటుంది, గెడ్డలో నీరుంటుంది, మంచు తడి ఉంటుంది. రెండోది గొయ్యి. గరాటు ఆకారంలో నడుములోతు గొయ్యి తీసి, అడుగున చిన్న మంట పెట్టి, కంపను పొర మీద పొరగా వేస్తూ పోతే పై మంట గాలిని తాగేసి కింది పొరను బూడిద కాకుండా కాపాడుతుంది. నేపాల్‌లో వాడిన కోన్-టికి బట్టీ ఈ సూత్రం మీదే నడుస్తుంది. పొగ తెల్లగా సుడులు తిరిగితే కట్టె పచ్చిదని అర్థం. ఆ పొగలో మీథేన్ పోతుంది, నేలకు చేసిన మేలు గాలిలో ఖర్చవుతుంది. ఇనుప డ్రమ్ము కొని కొండ ఎక్కించాల్సిన పని లేదు.

ఇక్కడి నేలల మీద, ఇక్కడి పంటల మీద సరైన క్షేత్ర ప్రయోగం కావాలి. చింతపల్లిలో ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది, ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది. అడగవలసినది పెద్దదేమీ కాదు: కట్ట వేసిన గరువులో ఐదు రకాల మడులు, ఏమీ వేయనిది, గత్తం మాత్రమే, గత్తంతో సున్నం, గత్తంతో పొయ్యి బూడిద, గత్తంలో మాగిన లాంటానా బొగ్గు. చోళ్లు, రాజ్మా మార్చి మార్చి ఐదేళ్లు. ఏటా గింజతో పాటు, కింది కట్ట దగ్గర పేరుకున్న మట్టిలో బొగ్గు ఎంతో కూడా తూచాలి. ఆ చివరి తూకం లేకపోతే మిగతా లెక్కలన్నీ సగమే చెబుతాయి.

డబ్బు సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి, కంపెనీలు వచ్చాక కాదు. అరకు వాళ్లకు కర్బన సొమ్ము కొత్త కాదు. నాంది ఫౌండేషన్ నాటించిన పండ్ల, నీడ చెట్ల మీద యూరప్ కంపెనీలు లైవ్‌లీహుడ్స్ నిధి ద్వారా పెట్టుబడి పెట్టాయి. చెట్టు క్రెడిట్‌కూ బొగ్గు క్రెడిట్‌కూ ఒక తేడా ఉంది. చెట్టు పెరిగితేనే డబ్బు, నరికితే పోతుంది. బొగ్గుకు కట్టె కావాలి, ఎంత కాలిస్తే అంత రాబడి. టన్నుకు ధర మంచిగా పలికితే లాంటానా అయిపోయిన మరుసటి రోజు ఏం నరుకుతారో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. ఇంకో చిక్కు చట్టంలోనే ఉంది. అటవీ చట్టం బొగ్గును అడవిలో దొరికినా బయట దొరికినా అటవీ ఉత్పత్తి కిందే లెక్కిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అందుకున్న రైతు తన గట్టు మీద లాంటానా కొట్టి, గొయ్యిలో కాల్చి, రెండు సంచుల బొగ్గు పక్క గూడేనికి మోసుకెళ్తే గార్డు ఆపి అడగవచ్చు. అందుకే ఒప్పందం ఏదైనా దానిలో మూడు అంశాలు గ్రామసభ తీర్మానంతో ముందే రాసి ఉండాలి: కలుపు పొద, కత్తిరింపు కొమ్మ తప్ప మరే కట్టె గోతిలో పడకూడదు, బొగ్గు ఆ గూడెం సరిహద్దు దాటకూడదు, క్రెడిట్ సొమ్ములో రైతు వాటా ఎంతో రూపాయల్లో ఉండాలి, శాతాల్లో కాదు.